సముద్రం ఉపమానం కాదు

మన అభ్యుదయ కవిత్వంలో సముద్రానికి కొదవలేదు. జనసముద్రం పొంగింది, కెరటాలు లేచాయి, గడీల గోడలు కూలాయి. లెక్క తీస్తే గత డెబ్బై ఎనభై ఏళ్లలో మన కవులు సముద్రం చేత చేయించినన్ని విప్లవాలు ప్రజల చేత చేయించలేదేమో! అయితే ఆ సముద్రంలో ఉప్పు లేదు, చేప లేదు, వల లేదు. అది కేవలం ఒక ఉపమానం. ఇవాళ అసలు సముద్రమే పొంగుతున్నది. పొంగి అది మింగుతున్నది దొరల గడీలను కాదు, ఉప్పాడలో పల్లెకారుల ఇళ్లను. ఈ విషయం పట్ల మన పత్రికలలో, మన సభలలో, ముఖ్యంగా ఈ బొగ్గుగనుల ప్రాంతంలో కనిపిస్తున్న ఉదాసీనతను గురించి, నిష్ఠూరమైనా సరే, నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

ఈ మధ్య గోదావరిఖనిలో ఒక విద్యార్థి గోష్ఠిలో ఇదే ప్రసంగం వచ్చింది. కోరంగి మడ అడవుల గురించీ, తీరానికి వచ్చి చస్తున్న సముద్రపు తాబేళ్ల గురించీ ఒక అమ్మాయి చక్కగా చదివి వచ్చి మాట్లాడింది. ఆమె కూర్చోగానే ఒక పెద్ద లేచి, "తాబేళ్ల సంగతి తర్వాత, ముందు మనిషి సంగతి చూడండి" అన్నారు. చప్పట్లు మోగాయి. ఆయన అంతటితో ఆగక, ఇదంతా పాశ్చాత్యులు పన్నిన పన్నాగమనీ, తాము వందల ఏళ్లు బొగ్గు కాల్చి బలిసి ఇప్పుడు మనల్ని కాల్చవద్దంటున్నారనీ, గని కార్మికుడి నోటి ముందు కూడు లాగేసే ఈ చర్చకు శ్రామికవర్గ సభలలో స్థానం లేదనీ సెలవిచ్చారు. ఆయన మీద నాకు గౌరవం ఉన్నది. ఆయన వాదన మీద మాత్రం లేదు.

ముందుగా ఆ "మనిషి సంగతి" చూద్దాం. 2010 జులై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో పోలీసు కాల్పులలో ఇద్దరు చనిపోయారు. 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లా కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. వారు దేనికోసం చనిపోయారు? సోంపేటలో బీల, కాకరాపల్లిలో తంపర: అవి సముద్రానికి కాస్త ఎడంగా ఉండే చిత్తడి నేలలు. వానాకాలంలో నీరు నిలుస్తుంది, చేప పెరుగుతుంది, గడ్డి పెరుగుతుంది, పక్షులు వాలుతాయి, చుట్టుపక్కల ఊళ్లు బతుకుతాయి. ప్రభుత్వ కాగితాలలో మాత్రం వాటిని పనికిరాని భూములన్నారు. ఆ నేలల మీద ప్రైవేటు కంపెనీలు కట్టతలపెట్టినవేమిటి? బొగ్గు కాల్చే విద్యుత్ కేంద్రాలు. అడ్డం తిరిగిన వారెవరు? చిన్న రైతులు, కూలీలు, జాలరులు. ఏ అమెరికా సంస్థ ఉపకారవేతనమూ తీసుకుని వారు తుపాకుల ముందు నిలబడలేదు. తీరప్రాంతపు చిత్తడి నేలనూ, దాని మీద బతికే పక్షినీ చేపనూ కాపాడడం తీరికగా ఉన్నవాళ్ల వ్యాపకమని చెప్పేవారు, ఆ కాల్పులలో పోయినవారి ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పి రావాలి.

సరే, అది శ్రీకాకుళం. మన సంగతేమిటి అంటారా? మన ఊరి పేరులోనే నదీ ఉన్నది, గనీ ఉన్నది. ఆ రెండూ సముద్రానికే పోతాయి. నది నీటి దారిన పోతుంది. గని పొగ దారిన పోతుంది.

1871లో ఇల్లెందు సమీపాన బొగ్గు ఉన్నదని విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలయింది. అక్కడ పనిచేస్తున్న కూలీలకు తెలిసే అవకాశం లేదుగాని, సరిగ్గా ఏడేళ్ల తర్వాత, 1896లో, ఆరీనియస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూగోళం ఎంత వేడెక్కుతుందో కాగితం మీద లెక్కగట్టాడు. అంటే ఈ విజ్ఞానం నిన్న మొన్నటి ఫాషను కాదు, దాదాపు సింగరేణి అంత పాతది. ఇప్పుడు సింగరేణి ఏడాదికి తీస్తున్నది రమారమి ఏడు కోట్ల టన్నులు. రామగుండం కేంద్రంలో 1983లో మొదటి యూనిట్ వెలిగింది. అది 2,600 మెగావాట్లకు పెరిగింది. దాని సరసనే 2023, 2024లలో మరో రెండు యూనిట్లు, ఒక్కొక్కటి 800 మెగావాట్లవి, వచ్చాయి. మన బొగ్గులో బూడిద ఎక్కువ, కర్బనం తక్కువ. అయినా టన్ను కాలిస్తే టన్నున్నర దాకా బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఏడు కోట్ల టన్నులకు అది సుమారు పది కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఇంధనాలు కాల్చి ఏటా వదులుతున్న దానిలో ఇది మూడువందల యాభయ్యో వంతు కన్నా ఎక్కువ ఉండదు. అంతకు మించి నేరాన్ని మన నెత్తిన ఎవరు పెట్టినా ఒప్పుకోనక్కరలేదు. కాని అసలు లేదని బుకాయించడం కూడా కుదరదు.

ఇక నీటి దారి. రామగుండం దగ్గర శ్రీపాద ఎల్లంపల్లి ఆనకట్ట మీద నిలబడి చూస్తే గోదావరి నిండుకుండ. అక్కడినుంచి సుమారు అయిదువందల కిలోమీటర్లు పోయి, ధవళేశ్వరం దాటి, చీలి, యానాం పక్కనుంచి పోయే గౌతమీ పాయ సముద్రంలో కలిసేచోట ఏమవుతున్నదో మనం చూడము. అక్కడ కోరంగి అభయారణ్యం ఉన్నది. 1978లో ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్లు. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న. వెచ్చని దేశాల తీరాలలో తప్ప ఇలాంటి అడవి పెరగదు. ఉప్పునీటిలో నిలబడి, బురదలోంచి వేళ్లను పైకి పొడిచి గాలి పీల్చుకునే చెట్లివి. నీటికుక్కలు, చేపలు పట్టి తినే బావురుపిల్లులు ఈ అడవిలో ఉన్నాయి. మండపీత, రొయ్య, అనేక జాతుల చేపలు పిల్లలుగా ఉన్నప్పుడు తలదాచుకునేది ఈ వేళ్ల మధ్యనే. కనుక మడ అడవిని చూడవలసింది దృశ్యంగా కాదు. అది జాలరికి విత్తనపు గాదె. తుఫాను వచ్చినప్పుడు కెరటం జోరు తగ్గించే గోడ కూడా. 1977 నవంబరులో దివిసీమను సముద్రం ముంచినప్పుడు, 1996 నవంబరులో తుఫాను కోనసీమను నేలమట్టం చేసినప్పుడు తీరాన అడ్డు అనేది ఉండడానికీ లేకపోవడానికీ తేడా ఏమిటో ఆ ప్రాంతపు జనానికి తెలిసింది.

సముద్రమట్టం పెరిగితే ఈ అడవి ఏం చేస్తుంది? దానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, నది తెచ్చే ఒండ్రును తన వేళ్ల మధ్య పట్టి నిలుపుకుని, నీటితోపాటు తన నేలను కూడా పైకి లేపుకోవడం. రెండు, మెల్లగా వెనక్కు, నేలవైపుకు జరగడం. వేల ఏళ్లుగా అది చేస్తూ వచ్చిన పని ఇదే. ఈ రెండు మార్గాలనూ మనం మూసివేశాము. గోదావరి 1970ల దశకంలో ఏటా సుమారు పదిహేను కోట్ల టన్నుల ఒండ్రు సముద్రానికి తెచ్చేదనీ, 1990ల నాటికి అది ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందనీ ఆంధ్ర విశ్వవిద్యాలయపు భూగోళశాస్త్రజ్ఞులు లెక్కకట్టి చూపించారు. మిగతా ఒండ్రు ఏమయింది? పైనున్న జలాశయాల అడుగున పడుకున్నది. జాయక్వాడీ, పోచంపాడు మొదలు, మన కళ్లెదుటి ఎల్లంపల్లి దాకా. ఆనకట్టలు వద్దని నేననడం లేదు. పోచంపాడు లేకపోతే కరీంనగర్ చేలు ఏమయ్యేవో నాకు తెలుసు. కాని ఆనకట్ట కట్టేటప్పుడు ఎన్ని ఎకరాలు తడుస్తాయో లెక్క చెప్పిన ఇంజనీరు, కింద ఎన్ని ఎకరాలు సముద్రంలో పోతాయో ఎన్నడూ చెప్పలేదు. ఇక వెనక్కు జరుగుదామంటే అడవి వెనుక రొయ్యల చెరువులు, వాటి గట్లు. ముందు సముద్రం, వెనుక చెరువుగట్టు. మంచినీరు తగ్గి ఉప్పు పెరిగేకొద్దీ ఉప్పుకు బాగా ఓర్చుకోగల తెల్లమడ మిగులుతుంది, అంత ఓర్పులేని చెట్లు తగ్గుతాయి.

ఉప్పాడ విషయంలో కొంత జాగ్రత్తగా మాట్లాడాలి. అక్కడ ఇళ్లూ గుళ్లూ కడలిలో కలిశాయి. కాకినాడ నుంచి పోయే రోడ్డు ప్రతి తుఫానుకూ తెగుతున్నది. ఇసుక నింపిన గొట్టాలతో గోడ కట్టారు, రాళ్లు పోశారు, సముద్రం వాటిని కూడా తిన్నది. దీనికంతటికీ భూతాపమే కారణమని ఎవరైనా అంటే అది సగం నిజమే. హోప్ దీవి ఇసుకతిప్ప పెరుగుతూ వచ్చి అలల దిశ మారడం, ఓడరేవు కట్టడాలు, ఒండ్రు తగ్గడం, ఇవన్నీ కలిశాయి. కాని అప్పటికే బలహీనపడిన తీరం మీద సముద్రమట్టం ఏటా మూడు మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతూ పోతే ఏమవుతుంది? ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993 నుంచి 2017 దాకా సగటు 3.3 మిల్లీమీటర్లని కేంద్రప్రభుత్వ భూవిజ్ఞాన మంత్రిత్వశాఖే 2020లో ప్రకటించింది. మూడు మిల్లీమీటర్లంటే నవ్వొస్తుంది. చదునైన డెల్టాలో నిలువున ఒక జానెడు నీరు పెరిగితే అడ్డంగా ఎంత నేల పోతుందో రైతునడగండి, నవ్వడు. పల్లపు పొలంలో ఉప్పునీరు ఊరితే ఎన్నేళ్లకు వరి పండుతుందో కూడా అతనే చెబుతాడు.

ఇక తాబేళ్లు. ఆ సభలో నవ్వులపాలైన తాబేళ్లు! ఆలివ్ రిడ్లే జాతి తాబేలు జనవరి నుంచి మన తీరానికి వచ్చి ఇసుకలో గుంట తీసి వందకు పైగా గుడ్లు పెట్టి పోతుంది. పిల్ల ఆడదవుతుందా మగదవుతుందా అన్నది తల్లి మీదా తండ్రి మీదా ఆధారపడదు, ఇసుక వేడి మీద ఆధారపడుతుంది. ఇసుక 28 డిగ్రీల లోపు ఉంటే దాదాపు అన్నీ మగవి. 31 దాటితే దాదాపు అన్నీ ఆడవి. ఇంకా వేడెక్కితే గుడ్డులోనే చస్తాయి. ఆ జాతి భవిష్యత్తంతా రెండు మూడు డిగ్రీల సందులో ఇరుక్కుని ఉన్నది. అయితే 2025 ఆరంభంలో కాకినాడ తీరానికి కొట్టుకొచ్చిన తాబేళ్ల కళేబరాలు వేడికి చచ్చినవి కావు, ట్రాలర్ల వలలలో ఊపిరాడక చచ్చినవి. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15న గాని మొదలు కాదు. తాబేళ్లు వచ్చేది అంతకు మూడు నెలల ముందు. ఆ ట్రాలర్ ఎవరిది? తెప్పమీద పోయే జాలరిది కాదు, పెట్టుబడి పెట్టినవాడిది. తాబేలును ఊపిరాడకుండా చేసే వలే తెప్పవాడి చేపను కూడా ఊడ్చుకుపోతున్నది. తాబేలునూ జాలరినీ ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరి పక్షమో తేల్చుకోమని మనల్ని నిలదీసేవారు ఈ మూడోవాడి పేరెత్తరు.

చేప కూడా వలసపోతున్నది. ఉష్ణమండల హిందూ మహాసముద్రపు పైనీరు 1951 నుంచి 2015 లోపల సుమారు ఒక డిగ్రీ వేడెక్కింది. కవళ్లు ఒకప్పుడు దక్షిణాదికే పరిమితం. అవి ఉత్తరాదికి పాకాయి. కానాగంతలు పైనీటి వేడికి లోతుకు దిగుతున్నాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వారు చెబుతున్నారు. లోతుకు దిగిన చేపను పట్టాలంటే పెద్ద పడవ కావాలి, ఎక్కువ డీజిలు కావాలి. అంటే అప్పు కావాలి. సముద్రపు వేడి చివరకు జాలరి ఇంట్లో వడ్డీగా తేలుతుంది. ఇందులో వర్గసమస్య ఎక్కడున్నదని అడిగేవారికి నేనింకేమి చెప్పను?

ఇప్పుడు పాశ్చాత్యుల పన్నాగం సంగతి. ఈ వాదనలో సగం పచ్చి నిజం, కనుకనే మిగతా సగం ప్రమాదకరం. ఇంతవరకు మానవజాతి గాలిలోకి వదిలిన బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగోవంతు అమెరికాది. నూటికి మూడు పాళ్లో ఏమో మనది. ఇవాళ కూడా తలసరిన అమెరికావాడు వదిలేది మనవాడు వదిలేదానికి ఆరేడు రెట్లు. అమెరికన్ చమురు కంపెనీ ఎక్సాన్‌కు దాని సొంత శాస్త్రజ్ఞులే 1977 నాటికి ఈ ప్రమాదం వివరించి చెప్పారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ కంపెనీ ప్రజలలో అనుమానాలు రేకెత్తించడానికి డబ్బు ఖర్చు పెట్టింది. సామ్రాజ్యవాదం మనకు బాకీ ఉన్నది, ఆ బాకీ వసూలు చేయవలసిందే. కాని బాకీదారు దుర్మార్గుడు కాబట్టి మన ఇంట్లో అంటుకున్న నిప్పు నిప్పు కాదంటామా? సామ్రాజ్యవాదం చేసిన ఈ నేరానికి మొదటి సాక్షి ఉప్పాడ. ఆ సాక్షిని "తాబేళ్ల కథ" అని సభలోంచి గెంటివేసి, ఇంక కేసు ఎలా నడుపుతాము?

కొందరు మిత్రులకు ఇది మార్క్సిజంలో లేని కొత్త గొడవగా కనబడుతున్నది. లీబిగ్ వ్యవసాయ రసాయనశాస్త్రాన్ని నోట్సు రాసుకుంటూ చదివి, పెట్టుబడిదారీ సేద్యం కూలివాణ్ణే కాక నేలను కూడా దోచుకుంటున్నదని తేల్చింది మార్క్సే. ప్రకృతిని జయించామని మురిసిపోవద్దని హెచ్చరించింది ఎంగెల్సే. వారిని వదిలి, ఉత్పత్తి అంకెలను మాత్రమే పూజించిన ఫలితం ఏమిటో తెలుసుకోవాలంటే ఆరల్ సముద్రాన్ని చూడవచ్చు. పత్తి కోసం దానిలో కలిసే నదులను మళ్లించారు, సముద్రం ఎండి ఉప్పుమేట అయింది, దాని జాలరుల పడవలు ఇసుకలో నిలబడిపోయాయి. ఎర్రజెండా ఎగిరిందని నీరు నిలవలేదు.

దీనికి రెండో కొసన మరొక బృందం ఉన్నది. వీరు హైదరాబాదులో చల్లని గదిలో సభ పెట్టి, "మనమందరం దోషులమే, మనిషి అత్యాశే దీనికి మూలం" అని నిట్టూరుస్తారు. ఈ "మనమందరం" అన్న మాటను నేను చచ్చినా ఒప్పను. ఆ గదిని చల్లబరిచే విద్యుత్తు కోసం పాతికేళ్లు భూమి కింద దుమ్ము పీల్చిన బొగ్గుకోత కార్మికుడూ, ఆ గదిలో కూర్చున్న కంపెనీ డైరెక్టరూ ఒకే మోతాదులో దోషులా? తెప్ప వేసుకునే ఉప్పాడ జాలరి అత్యాశ ఏపాటిది? దోషాన్ని అందరికీ పంచిపెట్టడమంటే దోషిని తప్పించడమే.

కార్మికుడి కూడు మాట ఎత్తారు కనుక ఆ లెక్క కూడా చూద్దాం. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల దరిదాపు. ఈ కాలంలో బొగ్గు తగ్గిందా? మూడింతలకు పైగా పెరిగింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, మట్టి తీసే పని కాంట్రాక్టర్లకు పోయింది. అరవై వేల మంది కూడు లాగివేసింది తాబేలు కాదు! బొగ్గు ఉంటే ఉద్యోగముంటుందన్న నమ్మకాన్ని కంపెనీ స్వయంగా అబద్ధం చేసి చూపించింది. ఆ ఓపెన్‌కాస్టు గుంతలో, గాలి ఆడని నల్లని రాతి మెట్ల మధ్య, మే నెల మధ్యాహ్నం పనిచేసేవాడు కాంట్రాక్టు కూలీ. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు రెండువేల మంది పోయారు. పోయినవారిలో ఎక్కువమంది ఎండలో పని మానుకునే వీలు లేనివారూ, ముసలివారూ. హోప్ దీవి ఇసుకలో గుడ్డును ఉడకబెడుతున్న వేడీ, రామగుండం గుంతలో మనిషిని పడగొడుతున్న వేడీ వేరువేరు కావు.

2021 డిసెంబరులో బొగ్గు బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా సింగరేణి కార్మికులు మూడురోజులు సమ్మె చేశారు. న్యాయమైన సమ్మె. బొగ్గు ఎవరిది అన్న ప్రశ్నను అది నిక్కచ్చిగా అడిగింది. బొగ్గు ఎంతకాలం, ఆ తర్వాత ఏమిటి అన్న ప్రశ్నను ఏ సంఘమూ అడగలేదు. అడగకపోతే ఆ ప్రశ్న పోదు, దానికి జవాబు మనం లేనిచోట తయారవుతుంది. ఇప్పటికే తయారవుతున్నది. రామగుండం జలాశయం మీద 2022లో 100 మెగావాట్ల సౌరఫలకాలు తేలాయి. చూడముచ్చటగానే ఉన్నాయి. వాటిని తుడవడానికీ కాపలా కాయడానికీ ఎందరు కావాలి? వారిని ఏ జీతం మీద, ఎవరి కింద పెట్టుకుంటారు? గని మూతపడితే గోదావరిఖని బజారులో టీకొట్టువాడి సంగతేమిటి? మట్టిగుట్టల మీద నాలుగు మొక్కలు నాటి ఫోటో తీయించుకోవడం వీటికి జవాబు కాదు.

డబ్బెక్కడిది అంటారు. డబ్బు బొగ్గులోనే ఉన్నది. 2010లో కేంద్రప్రభుత్వం స్వచ్ఛ ఇంధనం పేరిట టన్ను బొగ్గుకు 50 రూపాయల సుంకం వేసింది. 2016 నాటికి దాన్ని 400 చేసింది. 2017లో జి.ఎస్.టి. రాగానే ఆ సుంకాన్ని రాష్ట్రాల పరిహారపు ఖాతాలోకి మళ్లించింది. 2025 సెప్టెంబరులో దాన్ని ఎత్తివేసి, బొగ్గు మీద జి.ఎస్.టి.ని 5 నుంచి 18 శాతానికి పెంచింది. ఏడు కోట్ల టన్నుల లెక్కన ఒక్క సింగరేణి బొగ్గు మీదనే ఆ సుంకం ఏడాదికి 2,800 కోట్ల రూపాయలు. గాలి శుభ్రం చేస్తామని వసూలు మొదలుపెట్టిన ఆ సొమ్ములో గోదావరిఖని కాంట్రాక్టు కూలీకి నీడకోసం ఎంత వచ్చింది, కోరంగిలో మడమొక్కకు ఎంత చేరింది, ఉప్పాడలో ఇల్లు పోయినవాడికి ఎంత ముట్టింది? బొగ్గు మీద ఇక ముందు వసూలు చేసే పన్నులో ఒక వాటా ఈ గనుల ప్రాంతపు కొత్త ఉపాధికీ, మరొక వాటా తీరానికీ చట్టబద్ధంగా కేటాయించాలని, గని కార్మిక సంఘాలూ మత్స్యకార సంఘాలూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి అడగాలి. ఆ కాగితాన్ని ముందుగా రామగుండంలో రాసి, ఉప్పాడకు మనమే పట్టుకుపోవాలి. మన సంఘం వచ్చే సభలను ఏ పట్టణపు కల్యాణమండపంలోనో కాక ఆ ఊళ్లో పెట్టుకుంటే, సముద్రం మీద పద్యాలు చదవదలచిన కవులు దాని ఎదుటే నిలబడి చదవవచ్చు.